మెక్‌క్లింటాక్ మాటను ముప్పై ఏళ్లు ఎవరూ నమ్మలేదన్నది నిజమేనా? సెమినార్ కోసం అడుగుతున్నాను

నర్సంపేట బస్సు:

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో ఎంఎస్సీ బోటనీ ఫైనలియర్ చదువుతున్నాను. మాది నర్సంపేట దగ్గర ఊరు, రోజూ బస్సులో వచ్చి పోతాను. వచ్చే నెల నాకు ఇరవై నిమిషాల సెమినార్ ఉంది. ఎవరైనా ఒక జన్యుశాస్త్రవేత్తను ఎంచుకొని వాళ్ల జీవితం, చదువు, ఉద్యోగం, పరిశోధన కలిపి చెప్పమన్నారు మా సార్. నేను బార్బరా మెక్‌క్లింటాక్‌ను తీసుకున్నాను. మా బాపు రెండెకరాల్లో యాసంగి మక్కలు వేస్తాడు, ఆమె కూడా జీవితమంతా మక్కల మీదే పని చేశారు. అందుకే ఆమె పేరు వినగానే నా మనిషి అనిపించింది.

చదవడం మొదలుపెట్టాక ఒకచోట ఆగిపోయాను. ఎక్కడ చూసినా ఒకటే కథ. జన్యువులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకుతాయని ఆమె చెప్పారు, అందరూ నవ్వారు, ఆమె పేపర్లు వేయడం మానేశారు, ముప్పై ఏళ్ల తర్వాత నోబెల్ ఇచ్చారు అని. కానీ అదే వ్యాసంలో పైన చూస్తే 1944లోనే అమెరికా నేషనల్ అకాడమీకి ఎన్నికయ్యారని, 1945లో జెనెటిక్స్ సొసైటీకి అధ్యక్షురాలయ్యారని ఉంది. అంత పెద్ద మనిషిని చూసి అందరూ ఎట్లా నవ్వుతారు? ఈ రెండూ నాకు ఒకదానికొకటి అతకడం లేదు. సెమినార్‌లో ఎవరైనా ఇదే అడిగితే ఏం చెప్పాలో అని టెన్షన్‌గా ఉంది.

ఇంకోటి. గింజ మీద మచ్చలు చూసి జన్యువు దూకిందని ఆమె ఎట్లా పట్టుకున్నారు? పుస్తకంలో ఉన్నది బట్టీ పట్టగలను కానీ మా బాపుకు చెప్పేంతగా అర్థం కాలేదు. బాపుకు అర్థమయ్యేలా చెప్పగలిగితే క్లాసులో ఎవరికైనా చెప్పగలనని నా నమ్మకం.

నెట్ ప్రిపరేషన్, కరీంనగర్:

నా నోట్సులో ఉన్న తేదీలు ఇస్తున్నాను, స్లైడుకు పనికొస్తాయి. పుట్టింది 1902 జూన్ 16న, అమెరికాలో హార్ట్‌ఫర్డ్. కార్నెల్ యూనివర్సిటీలో బీఎస్సీ 1923, ఎంఏ 1925, పీహెచ్‌డీ 1927. 1936 నుంచి 1941 దాకా మిస్సోరీ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. 1941 చివర్లో న్యూయార్క్ దగ్గరి కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధన కేంద్రంలో చేరారు, ఆఖరిదాకా అక్కడే. 1983లో వైద్య విభాగంలో నోబెల్, ఎవరితోనూ పంచుకోలేదు. 1992 సెప్టెంబర్ 2న చనిపోయారు. మీ అసలు ప్రశ్నకు పెద్దవాళ్లు ఎవరైనా చెప్తే నేనూ చదువుకుంటాను.

మక్క చేను:

బిడ్డా, నీ అనుమానం నూటికి నూరుపాళ్లు సరైనదే. నేను ముప్పై మూడేళ్లు బోటనీ చెప్పి రిటైరయ్యాను, ఇక్కడే హన్మకొండలో ఉంటాను. "ఎవరూ నమ్మలేదు" అన్న కథను నేనూ ఏళ్ల తరబడి క్లాసులో చెప్పాను. ఆడపిల్లలు కళ్లు పెద్దవి చేసుకొని వినేవాళ్లు, చెప్పేటప్పుడు నాకూ గుండె బరువెక్కేది. తర్వాత కొంచెం లోతుగా చదివితే ఆ కథలో సగమే నిజమని తెలిసింది. మిగిలిన సగం ఇంకా విలువైనది, అందుకే నీకు వివరంగా రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్నకు జవాబు. 1950లో ఆమె పేపరు వచ్చింది, 1951లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సింపోజియంలో మాట్లాడింది. వినేవాళ్లలో అయోమయం, కొంత వ్యతిరేకత కూడా కనిపించాయని తర్వాత ఆమే చెప్పింది. అది నిజం. అయితే జన్యు పదార్థం జాగ మారుతుందన్న మాటను మక్కల మీద పనిచేసేవాళ్లు కొట్టిపారేయలేదు. విస్కాన్సిన్‌లో బ్రింక్, నైలన్ అనే ఇద్దరు 1952లోనే తమ మక్కల్లో అలాంటిదే చూశామని ప్రచురించారు. అంటే ఆ సింపోజియం మరుసటి ఏడాదే ఆమెకు సాక్ష్యం దొరికింది.

మరి దేన్ని ఒప్పుకోలేదు? ఆమె అంతటితో ఆగలేదు బిడ్డా. ఈ కదిలే ముక్కలే మిగతా జన్యువులను ఎప్పుడు పని చేయాలో, ఎప్పుడు ఆగాలో నడిపిస్తాయని, ఒకే విత్తనం నుంచి ఒకచోట వేరు, ఇంకోచోట ఆకు తయారవడం వెనక అవే ఉన్నాయని ఆమె వాదన. అందుకే వాటికి నియంత్రించే మూలకాలు అని పేరు పెట్టుకుంది. తోటి శాస్త్రవేత్తలు ముందుకు రానిది ఈ రెండో మెట్టు దగ్గర. 1983లో నోబెల్ కమిటీ రాసింది కూడా కదిలే జన్యు మూలకాలను కనుగొన్నందుకు అని మాత్రమే. ఆమె ప్రాణం పెట్టుకున్నది నియంత్రణ మీద, బహుమతి వచ్చింది కదలిక మీద. నీ సెమినార్‌కు నడిమిట్ల పెట్టుకోవాల్సిన మాట ఇదే అని నా అభిప్రాయం.

పేపర్లు మానేసిందన్న మాట కూడా పూర్తిగా అట్లా కాదు. 1953 తర్వాత పెద్ద జర్నళ్లకు వివరంగా రాయడం తగ్గించింది. కానీ తనకు జీతమిచ్చే కార్నెగీ సంస్థ వార్షిక నివేదికలో ఏటా పని రాస్తూనే వచ్చింది. 1961లో ఫ్రాన్స్‌లో జాకబ్, మోనో బ్యాక్టీరియాలో జన్యు నియంత్రణ గురించి చెప్పగానే, అది తన మక్కల్లో చూసిన దానికి ఎంత దగ్గరగా ఉందో అదే ఏడాది పేపరు రాసి వేసింది. 1960ల చివర్లో బ్యాక్టీరియాలోనూ కదిలే ముక్కలు బయటపడ్డాయి. అప్పుడు మక్కలంటే ఏమిటో తెలియనివాళ్లంతా ఆమె పాత పేపర్లు వెతుక్కున్నారు. నిజానికి ఆ పేపర్లు చదవడం చాలా కష్టం. నేను 1950 పేపరు మొదటిసారి చదివినప్పుడు మూడో పేరా దగ్గరే ఆగిపోయాను. ఆమె మొక్కలు మన కళ్ల ముందు లేవు, ఆమెకు మాత్రం ఒక్కొక్కటీ తెలుసు. ఆ దూరమే సగం ఇబ్బంది పెట్టిందని నాకు అనిపిస్తుంది.

ఇక గింజ సంగతి. దీనికి మా ఇంటి నుంచే మొదలుపెడతాను.

మా అవ్వ విత్తనం కంకులను పొట్టుతో సహా ముడేసి, పొయ్యి పైన దూలానికి వేలాడదీసేది. పొగకు పురుగు పట్టదని. నా చిన్నప్పుడు ఒక ఏడు వాటిలో ఒక కంకి గింజల మీద ముదురు ఎరుపు చారలు, చుక్కలు వచ్చాయి. ఎవరో పక్షి రెట్ట అన్నారు, ఎవరో రోగం అన్నారు. అవ్వ మాత్రం దాన్ని విడిగా దాచింది. నేను ఎంఎస్సీలో చేరాకే ఆ కంకి ఏం చెప్తోందో తెలిసింది, అప్పటికి అది లేదు.

ఒక మక్క గింజను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున గోటితో పైపొర తీసి చూడు. పల్చటి తోలు ఒకటి ఊడి వస్తుంది. ఆ తోలు తల్లి మొక్కది. దాని కింద ఒకే కణం మందాన ఇంకో పొర ఉంటుంది, అల్యూరోన్ అంటాం. అది బిడ్డ తరానికి చెందినది, తల్లిదీ తండ్రిదీ కలిసినది. కొన్ని జాతుల మక్కల్లో ఊదా రంగు ఈ పొరలోనే ఉంటుంది. రంగు తోలులో ఉంటే కంకి మీద గింజలన్నింటికీ ఒకే తల్లి పోలిక. అల్యూరోన్‌లో ఉంటే పక్కపక్క గింజలే వేరువేరుగా ఉండొచ్చు, ఎందుకంటే ఒక్కో గింజకు ఒక్కో పీచు, ఒక్కో పుప్పొడి రేణువు. బ్రింక్ చూసింది తోలు మీది ఎర్ర చారలు. మెక్‌క్లింటాక్ ముఖ్యంగా చూసింది అల్యూరోన్ పొరలోని ఊదా చుక్కలు. మా అవ్వ కంకి తోలుదే అయ్యుండాలి.

ఇప్పుడు బాపుకు ఇట్లా చెప్పు. గింజకు ఊదా రంగు ఇచ్చే జన్యువు ఒకటి ఉంది. దాని మధ్యలోకి వేరే ముక్క ఒకటి వచ్చి కూర్చుంది. కాలువకు అడ్డంగా రాయి పడ్డట్టు. రంగు తయారీ ఆగింది, గింజ తెల్లగానో పసుపుగానో ఉండిపోతుంది. ఆ ముక్క పేరు డిసోసియేషన్, పొట్టిగా డీఎస్. అది తనంతట తాను కదల్లేదు. దాన్ని లేపడానికి ఇంకో ముక్క ఉండాలి, దాని పేరు యాక్టివేటర్, ఏసీ. ఏసీ ఉన్న గింజలో, గింజ పెరుగుతుండగానే ఏదో ఒక కణంలో డీఎస్ లేచి వెళ్లిపోతుంది. అడ్డం తొలగింది, ఆ కణంలో రంగు మళ్లీ పుడుతుంది. ఆ కణం రెండై, నాలుగై, ఎన్ని పిల్లలైతే అన్నిటికీ ఊదా రంగే. అదే చుక్క.

ఇక్కడే అసలు అందం. డీఎస్ తొందరగా లేస్తే, గింజ ఇంకా పెరగాల్సింది చాలా ఉంది కాబట్టి మచ్చ పెద్దది. ఆలస్యంగా లేస్తే సూది మొనంత చుక్క. కాబట్టి మచ్చ సైజు చూస్తే ఎప్పుడు లేచిందో తెలుస్తుంది. ఆమె ఇంకొకటి గమనించింది: గింజలో ఏసీ కాపీలు పెరిగే కొద్దీ మచ్చలు చిన్నవయ్యాయి, అంటే డీఎస్ ఆలస్యంగా లేస్తోంది. ఒకటీ, రెండూ, మూడూ కాపీలున్న గింజలను పక్కపక్కన పెట్టి కంటితో చూసి చెప్పగలిగేది. డీఎన్‌ఏ ఆకారం తెలిసింది 1953లో. ఈమె ఇదంతా అంతకుముందే, కంకులు, పుప్పొడి, మైక్రోస్కోపు పెట్టుకొని తేల్చింది.

మొదటి అనుమానం గింజలో కూడా కాదు, ఆకులో వచ్చింది. క్రోమోజోమ్ అంటే జన్యువులు వరుసగా ఉండే దారం లాంటిది. 1944–45 ప్రాంతంలో విరిగిన తొమ్మిదో క్రోమోజోమ్ ఉన్న మొక్కల నుంచి నారు పెంచింది. ఆ ఆకుల మీద పక్కపక్కనే రెండు పట్టీలు, ఒకదాని మీద చారలు ఎక్కువ, ఇంకోదాని మీద తక్కువ. ఆ రెండు పట్టీలూ ఒకే కణం రెండుగా చీలితే పుట్టిన అక్కాచెల్లెళ్లు. ఒకరు పోగొట్టుకున్నది రెండోవాళ్లకు దక్కింది అని ఆమె అర్థం చేసుకుంది. ఆ పోయింది ఏమిటి, వచ్చింది ఏమిటి అని ఆరేళ్లు వెంటపడింది. స్లైడ్ల మీద బాణం గుర్తులు తగ్గించి ఈ రెండు పట్టీల బొమ్మ ఒక్కటి చేత్తో గీసి చూపించు, క్లాసు మొత్తానికి అర్థమవుతుంది.

జీవితం విషయంలో అందరూ నోబెల్ దగ్గర ఎక్కువసేపు ఉంటారు. నువ్వు 1927 నుంచి 1941 దాకా ఉన్న కాలం మీద ఉండు. తల్లికి కూతురు కాలేజీకి పోవడం ఇష్టం లేదు, చదివితే పెళ్లి కాదని భయం. తండ్రి యుద్ధం నుంచి తిరిగొచ్చి పంపించాడు, అది 1919. మన ఇళ్లలో విననిదేం కాదు కదా. కార్నెల్‌లో జెనెటిక్స్ క్లాసు చెప్పిన హచిసన్ అనే ప్రొఫెసర్ 1922 జనవరిలో ఫోన్ చేసి, పీజీ పిల్లలకు చెప్పే క్లాసుకు నువ్వూ రా అన్నాడు. ఆ ఫోనే తన దారిని తేల్చిందని పెద్దయ్యాక రాసుకుంది. ఆమెకు అప్పుడు పందొమ్మిదేళ్లు. ఒక టీచరుగా నాకు ఆ ఫోన్ సంగతి చదివిన రోజు నిద్ర పట్టలేదు.

పీహెచ్‌డీ అయ్యాక రెండేళ్లకు మక్క పది క్రోమోజోములనూ పొడవు, ఆకారం బట్టి విడివిడిగా గుర్తుపట్టి 1929లో ప్రచురించింది. అంతకుముందు పది ఉన్నాయని తెలిసినా ఏది ఏదో చెప్పే వీలు లేకుండింది. 1931లో తన స్టూడెంట్ హ్యారియట్ క్రైటన్‌తో కలిసి ఇంకో గొప్ప పని చేసింది. తొమ్మిదో క్రోమోజోమ్ ఒక చివర ముడి, ఇంకో చివర ఎనిమిదో దాని ముక్క అతుక్కొని ఉన్న మొక్క దొరికింది. రెండు చివరలూ కంటికి కనిపించే గుర్తులే. గింజ రంగు, మైనం లాంటి పిండి అనే లక్షణాలు జత మార్చుకున్నప్పుడల్లా ఆ ముడి, ఆ ముక్క కూడా చోటు మారాయని చూపించారు. జన్యువులు చోటు మార్చుకునేటప్పుడు క్రోమోజోమ్ ముక్కలే మారుతున్నాయన్న దానికి అది మొదటి కంటి సాక్ష్యం. వెంటనే ప్రచురించండి అని తొందరపెట్టింది ఈగల జెనెటిక్స్ చేసిన మోర్గాన్. కొన్ని నెలలకే జర్మనీలో స్టెర్న్ అదే విషయాన్ని ఈగల్లో చూపించాడు.

ఇంత చేసినా పర్మనెంట్ ఉద్యోగం లేదు బిడ్డా. ఫెలోషిప్పుల మీద అటూ ఇటూ తిరిగింది. 1933లో జర్మనీ వెళ్లి, అక్కడ నాజీల పరిస్థితి చూసి ముందే వెనక్కి వచ్చేసింది. ఆర్థిక మాంద్యం రోజులు. రెండేళ్లు రాక్‌ఫెల్లర్ డబ్బుతో గడిచింది. మొదటి ఫ్యాకల్టీ పోస్టు మిస్సోరీలో దొరికేసరికి ముప్పై నాలుగేళ్లు. అక్కడా ఎదుగుదల లేదని అర్థమై 1941లో బయటికొచ్చింది. అప్పుడు ఆమెకున్న మొదటి బెంగ ఏమిటో తెలుసా? ఈ ఏడు మక్కలు ఎక్కడ వేసుకోవాలి? కార్నెల్ రోజుల స్నేహితుడు మార్కస్ రోడ్స్‌కు నువ్వు నీ మక్కలు ఎక్కడ వేస్తావని రాసింది. ఆయన కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ అన్నాడు. ఆ జాగ కోసం పోయిన మనిషి యాభై ఏళ్లు అక్కడే ఉంది.

విత్తనాల సూపర్‌వైజర్, హుజూరాబాద్:

మేడం గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను పదిహేనేళ్లుగా మా దగ్గర ఆడ-మగ వరి, మక్క విత్తనం ప్లాట్లు చూస్తున్నాను. చెల్లెమ్మా, నీకు ఒక్క మాట కలుపుతాను. శాస్త్రవేత్తలకు మక్క ఎందుకు అంత ఇష్టమో మా పనిలో రోజూ కనిపిస్తుంది. మగ జల్లు నెత్తిన, ఆడ కంకి నడిమిట్ల. రెండూ వేరు. ఆడ సాళ్లలో జల్లు విప్పకముందే పొద్దున్నే పీకేస్తే చాలు, ఎవరి పుప్పొడి కావాలో వాళ్లదే పడుతుంది. ఒక్క జల్లు ఆకుల్లో దాక్కొని మిగిలిపోయినా ఆ చుట్టుపక్కల విత్తనం చెడుతుంది. అందుకని జల్లు వేళలో రోజూ సాలు సాలుకూ తిరుగుతాం. ఆమె కూడా కాగితం సంచులు కట్టి ఇట్లనే తిరిగి ఉంటుంది కదా.

వరికి అట్లా కుదరదు. ఒకే పువ్వులో ఆడ, మగ రెండూ ఉంటాయి, ఎన్నని పీకుతాం? అందుకే పుప్పొడి పని చేయని ఆడ రకం కావాల్సి వచ్చింది. అది చైనాలోని హైనాన్ దీవిలో 1970లో ఒక అడవి వరి మొక్కలో దొరికింది. దాన్ని వెతికించింది యువాన్ లాంగ్‌పింగ్. ఆయన కూడా పెద్ద యూనివర్సిటీ మనిషి కాదు, హునాన్‌లో ఒక వ్యవసాయ పాఠశాలలో పంతులు. మా కరీంనగర్, వరంగల్ రైతులు పదిన్నర పదకొండుకు పొలం గట్ల మీద ఇద్దరు అటూ ఇటూ నిలబడి తాడు లాగుతారే, మగ సాలు ఊగి పుప్పొడి ఆడ సాలు మీద పడాలని, ఆ పని మొత్తానికి మొదలు ఆ ఒక్క మొక్క. నీ తర్వాత సెమినార్ ఎవరిదైనా ఉంటే ఆయన పేరు చెప్పు.

నర్సంపేట బస్సు:

మేడం, మీకు ఎట్లా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. అన్నా, మీకు కూడా. నిన్న రాత్రి గింజలు నానబెట్టాను, పొద్దున పైపొర తీసి బాపుకు చూపించాను. "రోజూ తినేదే, లోపల ఇన్ని పొరలా" అన్నాడు. కాలువకు రాయి అడ్డం మాట చెప్పగానే అర్థమైంది ఆయనకు. "మరి రాయి లేచి ఎక్కడ పడుతుంది?" అని అడిగాడు. నాకు జవాబు రాలేదు.

ఇంకో సందేహం మేడం. మా చేనులో మక్క ఇప్పుడు జల్లు వేసే ముందర ఉంది. నేను సెమినార్‌లో ఆ పది క్రోమోజోములను నిజంగా చూపించగలనా?

మక్క చేను:

బాపు అడిగింది చాలా గొప్ప ప్రశ్న. చాలాసార్లు అదే క్రోమోజోమ్ మీద దగ్గర్లోనే ఇంకోచోట పడుతుంది. ఒక్కోసారి వేరే క్రోమోజోమ్ మీద. ఒక్కోసారి పోయి మళ్లీ దొరకదు. పడ్డచోట ఇంకో జన్యువు ఉంటే దాన్ని ఆపేస్తుంది. మెండెల్ ముడతల బఠాణీ తెలుసు కదా, అందులో పిండి తయారుచేసే జన్యువులో ఇట్లాంటి ముక్కే వచ్చి కూర్చుందని 1990లో తేలింది. మెండెల్ 1866లో ప్రచురించిన బఠాణీల వెనక కూడా ఈమె ముక్కల చుట్టమే ఉందన్నమాట. మక్క జన్యుపటం 2009లో పూర్తిగా చదివినప్పుడు అందులో 85 శాతం దాకా ఇట్లాంటి ముక్కలే. మన మనుషుల్లో కూడా దాదాపు సగం.

స్లైడ్ తప్పకుండా చేయొచ్చు, ఇదే సరైన సమయం. జల్లు బయటికి కనిపించిందంటే ఆలస్యమైనట్టే. సుడిని రెండు వేళ్లతో మెల్లగా ఒత్తితే లోపల మెత్తగా, కొంచెం జారినట్టు తగులుతుంది, అక్కడ బ్లేడుతో నిలువునా కోసి జల్లు తీయాలి. పొద్దున ఎనిమిది లోపు తియ్యి. ఆల్కహాల్ మూడు పాళ్లు, అసిటిక్ యాసిడ్ ఒక పాలు కలిపి ఒక రోజు అందులో ఉంచు, తర్వాత డెబ్బై శాతం ఆల్కహాల్‌లోకి మార్చు. నడిమి కాడకు సగానికి కొంచెం పైన ఉన్న పువ్వులు ముందు ముదురుతాయి, అక్కడి నుంచి మొదలుపెట్టు. ఒక పువ్వులో మూడు కేసరాలు, మూడూ ఒకే దశలో ఉంటాయి. ఒకటి పగలగొట్టి చూసి, దశ సరిగా ఉంటే మిగతా రెండు మంచి స్లైడుకు. అసిటోకార్మైన్ (క్రోమోజోములకు ఎర్ర రంగు పట్టించే ద్రవం) చుక్క వేసి ఇనుప సూదితోనే గెలుకు, స్టీలు వద్దు. ఇనుము కొంచెం కరిగి రంగును ముదురు చేస్తుంది. కవర్‌స్లిప్ వేసి, స్పిరిట్ దీపం మీద చేతికి ఓర్చేంత వేడి చేసి, బ్లాటింగ్ కాగితం పెట్టి బొటనవేలితో నిలువుగా ఒత్తు. పక్కకు జరిగితే అంతా పాడు. బెల్లింగ్ అనే ఆయన కనిపెట్టిన ఈ పద్ధతినే ఆమె మక్కకు సరిపోయేలా దిద్దుకుంది.

నేను పనిచేసిన ఒక కాలేజీలో మంచి మైక్రోస్కోపు వచ్చింది, పిల్లలు పాడు చేస్తారని బీరువాలో పెట్టి తాళం వేశారు. మూడేళ్లు. ఆ మూడు బ్యాచ్‌ల పిల్లలు క్రోమోజోమ్ బొమ్మ గీసి పాసయ్యారు, క్రోమోజోమ్ చూడకుండా. నేను గట్టిగా కొట్లాడి ఉండాల్సింది. మీ ల్యాబ్‌లో తాళం ఉంటే అడుగు, మళ్లీ అడుగు.

బోధన్ చెరకు:

తల్లీ, చివర ఒక్క నిమిషం మన జానకి అమ్మాళ్ పేరు కూడా చెప్పు. మాది బోధన్ వైపు, చెరకు రైతుల ఇల్లు, అందుకే ఆమె అంటే నాకు అభిమానం. 1897లో కేరళలోని తలశ్శేరిలో పుట్టారు. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో 1931లో డాక్టరేట్. తర్వాత కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో చెరకు క్రోమోజోముల మీద పనిచేశారు, చెరకును మక్కతోనే సంకరం చేసి చూశారు, 1938లో దాని గురించి ప్రచురించారు. ఇంగ్లండ్‌లో యుద్ధం రోజులన్నీ జాన్ ఇన్నెస్ సంస్థలో గడిపి, అక్కడి శాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి 1945లో సాగు మొక్కలన్నింటి క్రోమోజోమ్ లెక్కలతో పెద్ద గ్రంథం తెచ్చారు. నెహ్రూ పిలిస్తే తిరిగొచ్చి బొటానికల్ సర్వేను గాడిలో పెట్టే పని తీసుకున్నారు. 1977లో పద్మశ్రీ, 1984లో కన్నుమూశారు. అమెరికాలో ఒకామె మక్కల వెంట, మన దేశంలో ఒకామె చెరకు వెంట, ఇద్దరూ ఇంచుమించు ఒకే కాలం. ఆ రెండు పేర్లు పక్కపక్కన వినబడితే నాకు సంతోషం.

నర్సంపేట బస్సు:

అందరికీ మళ్లీ నమస్తే. జానకి అమ్మాళ్ గారికి చివరి రెండు నిమిషాలు పెట్టాను సార్.

మొన్న పొద్దున ఆరున్నరకు బాపూ నేనూ చేనుకు పోయాం. సుడి ఒత్తి చూడడం నాకంటే ఆయనకే బాగా వచ్చింది, నాలుగు మొక్కలు చూసి "ఇగో, ఇది" అన్నాడు, అదే సరైనది. మొదటి ఎనిమిది స్లైడ్లు పోయాయి. రెండు కవర్‌స్లిప్‌లు పగిలాయి, కొన్నింటిలో పుప్పొడి అప్పటికే తయారైపోయింది. కాడ మీద కొంచెం కిందికి వచ్చాక తొమ్మిదోదాంట్లో దొరికింది. ఎర్రగా, జంటలు జంటలుగా, ఉంగరాల్లా. లెక్కపెడితే పది జంటలు. మళ్లీ లెక్కపెట్టాను, పదే. మా ల్యాబ్ అటెండర్ అన్న తాళం తీసి సాయంత్రం దాకా ఉండనిచ్చాడు.

ఐపీస్ మీద ఫోన్ పెట్టి ఫొటో తీశాను. ఇంటికొచ్చి బాపుకు చూపిస్తే చాలాసేపు ఫోన్ పట్టుకొని కూర్చున్నాడు. "ఇవి మన చేనువేనా?" అని అడిగాడు. మనవే అన్నాను. రేపు బస్సు ఎక్కే ముందే ఇంకో నాలుగు జల్లులు కోసి తడిగుడ్డలో చుట్టి పెడతానన్నాడు.